‘బటన్ నొక్కితే చాలు’ అనే అబద్ధం

హైదరాబాద్‌లో బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్, విశాఖలో గాజువాక. మెషిన్ షాపులున్న ఏ పేటకు వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది. ‘‘సీఎన్‌సీ వచ్చాక పనితనంతో పనేముంది? ప్రోగ్రాం ఇంజనీరు రాస్తాడు. కొలత మెషిన్ చూసుకుంటుంది. ఆపరేటర్ జాబు బిగించి బటన్ నొక్కితే చాలు.’’ జీతం ఖరారు చేసేటప్పుడు యజమాని ఈ మాటే అంటాడు. మెషిన్ అమ్మడానికి వచ్చినవాడూ ఇదే చెబుతాడు, పైగా అదొక సదుపాయమన్నట్టు చెబుతాడు. ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివి వచ్చిన కుర్రాడు కూడా ఏడాది తిరిగేసరికి దీన్నే నమ్మి, తన గురించి తానే ‘‘నేను ఉత్త ఆపరేటర్‌నండీ’’ అంటాడు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ చివరి మాట.

బటన్ నొక్కితే చాలన్నది మొదలంటా తప్పుడు అభిప్రాయం. షాపులో వచ్చే సమస్యల్లో అత్యధికం టూల్ ముక్కు లోహాన్ని తాకే చోట పుడతాయి. ఆ చోటికి దగ్గరగా ఉండేది ఇంజనీరు కాదు, యజమాని కాదు, సాఫ్ట్‌వేర్ అంతకన్నా కాదు. అక్కడ నిలబడ్డ మనిషికి ఆలోచించే హక్కు, కొలిచే సాధనం, ఆపే అధికారం ఇవ్వని షాపు తన సమస్యలను తీర్చుకోలేదు. స్క్రాప్ డబ్బాలోకి తోసుకుంటుంది, అంతే.

మెషిన్‌కు ఏం తెలుసో, ఏం తెలియదో ముందు తేల్చుకోవాలి. మన షాపుల్లో నడిచే టర్నింగ్ సెంటర్లలో చాలావాటికి స్థానం కొలిచే ఎన్‌కోడర్ సర్వో మోటారు వెనకాల ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో అది చెబుతుంది. ఆ తిరుగుడును బాల్‌స్క్రూ పిచ్‌తో లెక్కగట్టి, టూల్ ఫలానా చోట ఉందని కంట్రోల్ అనుకుంటుంది. స్క్రీన్ మీద ఎక్స్ 40.000 అని పచ్చగా వెలిగే అంకె ఆ లెక్కే తప్ప, జాబు (చెక్కే ముక్క) వ్యాసం కాదు. స్క్రూ వేడెక్కి సాగిందా, నట్‌లో ఆట వచ్చిందా, ఇన్సర్ట్ ముక్కు అరిగిందా, కోత ఒత్తిడికి బోరింగ్ బార్ వంగిందా, చక్‌లో జాబు కదిలిందా అన్నవేవీ ఆ అంకెలో లేవు. స్లైడ్ మీదే స్కేలు బిగించిన ఖరీదైన మెషిన్లకు స్క్రూ సంగతి తెలుస్తుంది. టూల్ ముక్కు దగ్గర జరిగేది వాటికీ తెలియదు. ‘కొలత మెషిన్ చూసుకుంటుంది’ అనే మాట ఇక్కడే కూలిపోతుంది. మెషిన్ చెప్పిన చోటికి వెళ్తుంది. అక్కడ ఏం జరిగిందో చూసేది మనిషి.

ఏ షాపులోనైనా తరచు ఎదురయ్యే ఒక సమస్యను చివరిదాకా నడిపించి చూద్దాం. పల్చటి గోడ ఉన్న రింగు ఒకటి, లోపల బేరింగ్ కూర్చునే బోరు. మూడు జాలు (దవడలు) ఉన్న చక్‌లో బిగించి, బోరు చేసి, చక్‌లో ఉండగానే డయల్ బోర్ గేజి పెట్టి చూస్తే సైజు సరిగ్గా ఉంటుంది. విప్పాక గేజిని ఎటు తిప్పి చూసినా అదే సైజు. తీరా, బోరులోకి దిగి తీరాల్సిన గో ప్లగ్ గేజి పెడితే లోపలికి దిగదు.

‘‘అన్నా, ప్లగ్ పోవట్లేదు.’’

‘‘ఆఫ్‌సెట్ ఇరవై మైక్రాన్లు పెంచరా, పోతది.’’

ఆఫ్‌సెట్ అంటే టూల్ స్థానానికి కంట్రోల్‌లో కలిపే సవరణ అంకె. అది పెంచితే ప్లగ్ పోతుంది. జాబులు డిస్పాచ్ అవుతాయి. నెల తర్వాత కస్టమర్ దగ్గర నుంచి ఫిర్యాదు వస్తుంది: బేరింగులు వేడెక్కుతున్నాయి, చప్పుడు చేస్తున్నాయి. అప్పుడు ఆఫీసులో డ్రాయింగ్ బయటికి తీస్తారు. ప్రోగ్రాం తిరగేస్తారు. ప్రోగ్రాంలో తప్పు ఉండదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో సైజులన్నీ టాలరెన్స్ లోపలే ఉంటాయి. చివరికి కాగితం మీద ఏదో ఒక కారణం రాయాలి కాబట్టి ఆపరేటర్ అశ్రద్ధ అని రాస్తారు.

జరిగింది ఇది. మూడు జాలు బిగిసినప్పుడు పల్చటి గోడ ఆ మూడు చోట్లా లోపలికి నొక్కుకుపోయింది. ఆ స్థితిలో టూల్ బోరును గుండ్రంగానే కోసింది. చక్ విప్పగానే నొక్కుడు వదిలి, గోడ ఆ మూడు చోట్లా బయటికి వచ్చింది. ఇప్పుడు బోరు మూడు మూలల ఆకారం. జా ఉన్న చోట వ్యాసార్థం ఎక్కువ, దానికి సరిగ్గా ఎదురుగా రెండు జాల మధ్య తక్కువ. ఒక పక్క ఎంత పెరిగిందో ఎదుటి పక్క అంత తగ్గింది కాబట్టి, రెండు పాయింట్ల మీద కొలిచే గేజి ఎటు తిప్పినా ఒకే వ్యాసం చూపిస్తుంది. లోపల ఇమిడే పూర్తి వృత్తం మాత్రం చిన్నది, అందుకే ప్లగ్ దిగదు. ఆఫ్‌సెట్ పెంచి ప్లగ్‌ను దించారు గానీ బేరింగ్ బయటి రింగు చుట్టూ ఆనడం లేదు, మూడు చోట్లే ఆనుతోంది. చప్పుడు దానివల్లే.

దీన్ని ఎవరు పట్టుకోగలరు? కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పట్టుకోలేడు, ఎందుకంటే కంప్యూటర్‌లో రింగు రాయిలా గట్టిది. దానికి వంగే గుణమే లేదు. ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గరా కష్టమే, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి జా ఎక్కడ పట్టిందో గుర్తు పోయింది. పట్టుకోగలిగింది చక్ దగ్గర నిలబడ్డ మనిషి. విప్పే ముందు మార్కర్‌తో జాబు మీద జాల చోట్లు గుర్తు పెట్టుకుంటాడు. మూడు పాయింట్ల బోర్ మైక్రోమీటర్ ఉంటే, దాన్ని ఒకసారి గుర్తుల దగ్గర, మరోసారి అరవై డిగ్రీలు తిప్పి గుర్తుల మధ్య పెట్టి చూస్తాడు. రెండు అంకెలు తేడాగా వస్తే కథ తేలిపోతుంది. తర్వాత చేయాల్సింది కూడా ఆఫ్‌సెట్‌లో లేదు. హైడ్రాలిక్ ప్రెషర్ తగ్గించాలి. జాబు బయటి వ్యాసానికి సరిపోయేలా సాఫ్ట్ జాలను బోరు చేసుకుని, ఎక్కువ చుట్టుకొలతను పట్టేలా వెడల్పాటి జాలు వాడాలి. రఫింగ్ అయ్యాక చక్ ఒకసారి వదులు చేసి, మెల్లగా మళ్లీ పట్టి ఫినిష్ కోత వేయాలి. సైకిల్ టైమ్ కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఒప్పుకోవడానికి ఇప్పుడున్న పద్ధతిలో ఆపరేటర్‌కు అధికారం లేదు, అందుకే తెలిసినా చెప్పకుండా ఊరుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను.

ఈ ఉదాహరణలో ఇంకొకటి గమనించాలి. రెండు గేజులు రెండు మాటలు చెప్పాయి. సమస్య తీరేది ఆ తగాదాను వదిలిపెట్టకుండా దాని వెంట పడినప్పుడే. గేజుల్లో ఒకదాని నోరు మూయించడమే ఆఫ్‌సెట్ పెంచడం అంటే. మన షాపుల్లో సమస్యా పరిష్కారం పేరుతో జరిగేదాంట్లో ఎక్కువ భాగం ఇదే.

ఎండాకాలం సంగతి చూడండి. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రేకుల షెడ్డు కింద, హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా, మధ్యాహ్నం 40 దాటుతుంది. స్టీలు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది, అల్యూమినియం సుమారు 23. ఇప్పుడు 100 మిల్లీమీటర్ల స్టీలు షాఫ్ట్ కోత వేడితో మెషిన్ నుంచి దిగింది. చేతిలోని మైక్రోమీటర్ కన్నా అది 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుంటే, దాదాపు 17 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. ఆ సైజుకు హెచ్6 టాలరెన్స్ మొత్తం 22 మైక్రాన్లే. వేడి జాబు మీద కొలిచి ఆఫ్‌సెట్ తగ్గించినవాడు నిజాయతీగానే తగ్గించాడు. గంట తర్వాత చల్లారిన షాఫ్ట్ అండర్‌సైజ్ అయి కూర్చుంటుంది. సాయంత్రం క్వాలిటీ వాళ్లు వచ్చి, ‘‘పొద్దున సరిగ్గా కొలిచావా?’’ అని అడుగుతారు. సరిగ్గానే కొలిచాడు. ఎప్పుడు కొలవాలో ఎవరూ నేర్పలేదు.

పొద్దున మొదటి నాలుగు జాబులు ఒక సైజు, పది గంటలకు ఇంకో సైజు, భోజనం నుంచి వచ్చాక మళ్లీ మొదటి సైజు. ఈ తీరును ఏ షాపులోనైనా ఆపరేటర్లు గమనిస్తారు. స్క్రూ, స్పిండిల్ వేడెక్కడం, ఆగినప్పుడు చల్లారడం దీనికి కారణం. మెషిన్ మీద వేలాడదీసిన నోటుబుక్కులో టైము, జాబు నంబరు, సైజు రాసుకుంటూ పోతే వారంలో ఆ తీరు కళ్ల ముందు కనిపిస్తుంది. పొద్దున పది నిమిషాలు జాబు లేకుండా మెషిన్ తిప్పి వేడెక్కించడమో, విరామం తర్వాత మొదటి జాబును తప్పనిసరిగా కొలవడమో చేస్తే చాలావరకు తీరిపోతుంది. ఇందులో డిగ్రీ చదువు అవసరమైనది ఏమీ లేదు. అవసరమైనది నోటుబుక్కు, పెన్ను, ‘రాసుకో’ అని చెప్పే పెద్దమనిషి. ఆ నోటుబుక్కు ఉన్న షాపులు చాలా తక్కువ. ఉన్న చోట కూడా అది ప్రొడక్షన్ సంఖ్య రాసుకోవడానికే.

సర్ఫేస్ ఫినిష్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఫీడ్ వర్గాన్ని ముక్కు వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గరుకు ఎత్తు వస్తుందని పుస్తకం చెబుతుంది. 0.2 ఫీడ్, 0.8 ముక్కుతో అది 6.25 మైక్రాన్లు. ఫీడ్ సగం చేస్తే నాలుగో వంతుకు తగ్గాలి. ఆఫీసు నుంచి ‘‘ఫీడ్ తగ్గించు’’ అని మాట వస్తుంది. తగ్గిస్తే గరుకు పోదు, సైకిల్ టైమ్ మాత్రం పెరుగుతుంది. జాబు ఫేస్ (చదును ముఖం) అంచు దగ్గర నున్నగా ఉండి సెంటర్‌కు వచ్చేకొద్దీ గరుకవుతోందని ఆపరేటర్ కంటికి కనిపిస్తుంది. అంటే స్పిండిల్ ఒకే ఆర్‌పీఎంతో తిరుగుతోంది, సెంటర్‌కు వెళ్లేకొద్దీ కోత వేగం పడిపోతోంది, ఆ తక్కువ వేగంలో మైల్డ్ స్టీలు ఇన్సర్ట్ అంచుకు అంటుకుని చిరుగుతోంది. ఆర్‌పీఎంను స్థిరంగా ఉంచే జీ97 తీసి, కోత వేగాన్ని స్థిరంగా ఉంచే జీ96 పెట్టి, జీ50తో గరిష్ఠ ఆర్‌పీఎంకు హద్దు కడితే గరుకు ఉండే చోటు సెంటర్ దగ్గర చిన్న చుక్కకు కుదించుకుపోతుంది. ఫార్ములా తప్పు కాదు. గరుకు ఎక్కడ మొదలైందో ఫార్ములాకు తెలియదు, చూసినవాడికి తెలుసు.

ఇక ఎదుటివాళ్ల వాదనల్లో బలమైనదానికి వస్తాను. ‘‘ఆపరేటర్లకు స్వేచ్ఛ ఇస్తే ప్రతి జాబుకూ ఆఫ్‌సెట్ కొడతారు. ఒకడు 0.5 కొట్టబోయి 5 కొట్టి టరెట్ గుద్దేశాడు. స్పిండిల్ మార్చడానికి లక్షలు పోయాయి. అందుకే ఎడిట్ తాళం నా జేబులో ఉంటుంది.’’ ఈ భయం నిజమైనది. అలాంటి గుద్దుడు ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. ప్రోగ్రాంను, మెషిన్ పారామీటర్లను తాళంలో ఉంచడం సబబే. టూల్ దారి, క్లియరెన్స్, గుద్దుకోవడం లాంటివి సిమ్యులేషన్‌లో ముందే చూసుకోవాల్సింది ప్రోగ్రామరే. ఒకేసారి ఇంతకు మించి ఆఫ్‌సెట్ తీసుకోకుండా హద్దు పెట్టే సదుపాయం చాలా కంట్రోల్స్‌లో ఉంది, దాన్ని వాడుకోవచ్చు.

ప్రతి జాబుకూ ఆఫ్‌సెట్ కొట్టడం నష్టమన్నదీ నిజమే, దానికి గట్టి లెక్క కూడా ఉంది. అమెరికా గణాంక నిపుణుడు డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ గరాటు, గోళీలతో చేసి చూపించేవాడు. గోళీ లక్ష్యానికి ఎంత పక్కన పడిందో చూసి ప్రతిసారీ గరాటును అంత ఎదుటివైపు జరిపితే, గోళీలు లక్ష్యానికి దగ్గర కావు, ఇంకా దూరంగా చెదురుతాయి. స్థిరంగా నడుస్తున్న పనిలో వెనకటి జాబు తప్పును బట్టి ప్రతిసారీ సవరిస్తే చెదురు దాదాపు 1.4 రెట్లవుతుంది. కానీ ఈ లెక్క ఎవరికి చెప్పాలి? ఆపరేటర్‌కు చెప్పాలి. అయిదు జాబులు వరసగా కొలిచి, ఒకే వైపు జరుగుతున్నాయా, ఊరికే అటూ ఇటూ ఊగుతున్నాయా చూడమనాలి. జరుగుతుంటే ఇన్సర్ట్ అరుగుతోంది, సవరించు. ఊగుతుంటే చెయ్యి పెట్టకు, కారణం వెతుకు. ఈ తేడా తెలిసిన ఆపరేటర్ తాళం లేకపోయినా ఆఫ్‌సెట్‌ను అనవసరంగా ముట్టుకోడు. తెలియనివాడికి తాళం వేస్తే, అరుగుతున్న ఇన్సర్ట్‌తో సెట్టర్ వచ్చేదాకా యాభై జాబులు తప్పుగా తీస్తాడు. నేర్పకపోవడం వల్ల వచ్చిన నష్టాన్ని చూపించి, నేర్పకూడదనడం ఏం న్యాయం?

అసలు ‘బటన్ నొక్కితే చాలు’ అనే అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. చాలామంది దీన్ని టెక్నాలజీ తీర్పు అనుకుంటారు. కాదు. హెలికాప్టర్ రెక్కల కొలతలతో కుస్తీ పడుతున్న జాన్ పార్సన్స్ ఆలోచనతో మొదలై, అమెరికా వైమానిక దళం డబ్బుతో, 1952లో ఎంఐటీలో, సీఎన్‌సీకి పూర్వరూపమైన న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మెషిన్ ప్రదర్శనకు వచ్చింది. అదే కాలంలో ఇంకో దారి కూడా ఉంది. పనిమంతుడు జాబు చేస్తుండగా అతని కదలికలను టేపు మీద రికార్డు చేసి, మెషిన్‌తో మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి అది. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో అచ్చయిన ‘ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్’ అనే పుస్తకంలో ఈ రెండు దారుల కథ రాశాడు. రెండో దారి వెనకబడటానికి టెక్నాలజీ ఒక్కటే కారణం కాదని, పని మీద పట్టు పనివాడి చేతిలోంచి ఆఫీసుకు మారాలన్న యాజమాన్యాల కోరిక కూడా కారణమని అతని వాదన. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మసాచుసెట్స్‌లోని లిన్ ప్లాంటులో న్యూమరికల్ కంట్రోల్ మెషిన్లు అనుకున్నంత పని ఇవ్వకపోతే, 1968లో ఒక ప్రయోగం మొదలైంది. ఆపరేటర్ల బృందానికే బాధ్యత అప్పగించారు. ఆ ప్రయోగాన్ని కొన్నేళ్లకు యాజమాన్యమే ఆపేసిన తీరును కూడా నోబుల్ వివరంగా రాశాడు. అంటే ‘బటన్ నొక్కేవాడు’ అనేది మెషిన్ తనతో తెచ్చుకున్న సత్యం కాదు. కొందరి కోరిక. దాన్ని మనం డెబ్బై ఏళ్ల తర్వాత ఇన్‌స్టాలేషన్ చార్జీలతో కలిపి కొనుక్కున్నాం.

మనకు ఆ అరువు అభిప్రాయం అవసరం కూడా లేదు. ప్రాగా టూల్స్ సికింద్రాబాద్‌లో 1943లో పుట్టింది. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968లో బాలానగర్‌లో మొదలైంది. రాకెట్లకు, రియాక్టర్లకు భాగాలు చేసిన షాపులు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఆ పనులు చేసినవాళ్లలో మామూలు లేత్ మీద చెయ్యి తిరిగాక సీఎన్‌సీకి వచ్చినవాళ్లు ఎందరో. హ్యాండిల్ తిప్పుతున్నప్పుడు అరచేతికి తెలిసే కోత బరువును వాళ్లు సీఎన్‌సీ దగ్గర చెవితో, లోడ్ మీటరుతో, చిప్ రంగుతో పట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ తరం రిటైరవుతోంది. వాళ్ల పక్కన ఒక కుర్రాణ్ని ఆర్నెల్లు నిలబెట్టిన షాపులు ఎన్ని?

‘‘మేం సమస్యా పరిష్కారం చేస్తున్నాం కదా, ఐదు ఎందుకులు అడిగే ఫారం ఉంది’’ అని కొందరు మేనేజర్లు అంటారు. ఆ ఫారం ఎక్కడ నింపుతున్నారు? ఏసీ గదిలో, ఆడిట్‌కు ముందు రోజు. ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన టొయోటా ఇంజనీరు తైచి ఒహ్నో 1978లో జపనీస్‌లో రాసిన పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ ఒక మెషిన్ ఆగిపోవడం గురించే. మెషిన్ ఎందుకు ఆగింది? ఓవర్‌లోడ్ వల్ల ఫ్యూజు పోయింది. ఓవర్‌లోడ్ ఎందుకు? బేరింగ్‌కు ఆయిల్ చాలక. ఆయిల్ ఎందుకు చాలలేదు? పంపు సరిగ్గా తోడటం లేదు. ఎందుకు తోడటం లేదు? పంపు షాఫ్ట్ అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ బిగించలేదు, లోహపు పొడి లోపలికి పోయింది. ఈ ప్రశ్నల్లో చివరి రెండింటికి జవాబు పంపు విప్పి చేత్తో పట్టుకుని చూస్తే తప్ప రాదు. కుర్చీలో కూర్చుని అడిగితే రెండో ప్రశ్నకే బండి ఆగిపోతుంది. మనవాళ్ల ఫారాలు అక్కడే ఆగుతున్నాయి. మూల కారణం: ఆపరేటర్ అశ్రద్ధ. చర్య: ఆపరేటర్‌కు కౌన్సెలింగ్. ఇది రాసిన ప్రతి ఫారం వెనక ఒక అరిగిన జా ఉంటుంది, లేదా గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్ ముఖం చూడని కూలెంట్ ట్యాంకు ఉంటుంది, లేదా కాలిబ్రేషన్ గడువు దాటిన మైక్రోమీటర్ ఉంటుంది. అశ్రద్ధ అని రాసిన క్షణం నుంచి ఆ వెతుకులాట ఆగిపోతుంది. మరుసటి నెల అదే జాబు, అదే రిజెక్షన్.

ఇప్పుడు కొత్త రూపంలో అదే పాత మాట వస్తోంది. ‘‘ప్రోబు పెట్టుకుంటాం, సెన్సర్లు పెడతాం, ఏఐ చూసుకుంటుంది.’’ ప్రోబు మంచి సాధనమే, సెట్టింగ్ సమయం బాగా తగ్గిస్తుంది. కానీ ఇందాకటి రింగు దగ్గరికి దాన్ని తీసుకెళ్లండి. అది చక్‌లో బిగించి ఉన్న రింగునే కొలుస్తుంది. ఆ స్థితిలో బోరు గుండ్రంగానే ఉంది! పైగా ప్రోబును మోసుకెళ్లేది టూల్‌ను నడిపిన ఆ స్క్రూలే. స్క్రూ సాగిన తప్పు కోతలోనూ ఉంటుంది, కొలతలోనూ ఉంటుంది, రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. స్పిండిల్ లోడ్ పెరిగిందని సెన్సర్ చెప్పగలదు. ఇన్సర్ట్ అరిగి పెరిగిందా, ఈ లాటు బార్ గట్టిగా వచ్చి పెరిగిందా, కూలెంట్ పైపు పక్కకు తిరిగి పెరిగిందా అన్నది తలుపు తెరిచి చూసినవాడు చెప్పాలి. సెన్సర్లు కొనవద్దని నేను అనడం లేదు. ఆ సెన్సరు కూతను అర్థం చేసుకునే మనిషి జీతంలో కోత పెట్టి ఆ డబ్బుతో సెన్సర్ కొనవద్దంటున్నాను.

ఇక చివరి అభ్యంతరం. యజమానులు గొంతు తగ్గించి చెప్పేది ఇదే: ‘‘నేర్పిస్తే వెళ్లిపోతాడు సార్. పక్క షెడ్డువాడు వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే చాలు, గోడ దూకేస్తాడు.’’ చిన్న షాపు నడపడంలోని కష్టం నాకు తెలుసు. రేట్లు కస్టమర్ చేతిలో ఉంటాయి, బిల్లులు తొంభై రోజులకు గానీ రావు, బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా తప్పదు. అయినా ఈ వాదన నిలవదు. వెయ్యి రూపాయలకు మనిషి వెళ్లిపోతున్నాడంటే అతని పనికి అక్కడ అంతకు మించిన విలువ కట్టలేదన్నమాట. శ్రీకాకుళం నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చి, కాంట్రాక్టర్ కింద పన్నెండు గంటల షిఫ్టులు చేస్తూ, నలుగురితో ఒకే గది పంచుకునే కుర్రాడికి ఆ వెయ్యి రూపాయలు ఇంటికి పంపే డబ్బు. అతణ్ని విశ్వాసం లేనివాడనడం అన్యాయం. ఒక్క స్టెయిన్‌లెస్ ఫోర్జింగ్ చివరి ఆపరేషన్‌లో రిజెక్టయితే పోయేది ఆ ముక్క ధర ఒక్కటే కాదు. అప్పటిదాకా దాని మీద పెట్టిన ప్రతి కోత, ప్రతి ఇన్సర్ట్, ప్రతి గంటా పోతాయి. వాటిని నెలకు కొన్ని తగ్గించగలిగే మనిషికి ఆ వెయ్యి మీరే ఇవ్వవచ్చు. ఆ లెక్క ఏ షాపులోనూ జీతాల పుస్తకం పక్కన పెట్టి చూడరు, ఎందుకంటే రిజెక్షన్ ఒక ఖాతాలో, జీతం ఇంకో ఖాతాలో ఉంటాయి.

నేర్పనివాడు కూడా వెళ్లిపోతాడు. తేడా ఏమిటంటే, ఉన్నన్నాళ్లూ అతను మీ మెషిన్ దగ్గర ఏమీ పట్టించుకోకుండా నిలబడతాడు. పట్టించుకోవద్దని చెప్పింది మనమే కదా.

కాబట్టి షాపుల యజమానులను నేను అడిగేది పెద్ద పెట్టుబడి కాదు. చాటర్ (కోతలో అదురు) వచ్చినా, సైజు జరుగుతున్నా మెషిన్ ఆపే అధికారం ఆపరేటర్‌కు ఇవ్వండి. ఆపినందుకు షిఫ్టు టార్గెట్ లెక్కలో అతణ్ని దండించకండి. మూడు పాయింట్ల బోర్ మైక్రోమీటర్‌ను క్వాలిటీ గదిలో బీరువాలో పెట్టి తాళం వేయకండి, మెషిన్ దగ్గర ఉంచండి. టైము, సైజు, ఇన్సర్ట్ మార్చిన జాబు నంబరు రాసే నోటుబుక్కు పెట్టించండి, వారానికి ఒకసారి మీరే తెరిచి చదవండి. రిజెక్షన్ మీటింగుకు ఆ జాబు చేసిన ఆపరేటర్‌ను పిలవండి, సంజాయిషీ కోసం కాదు, సాక్ష్యం కోసం. తప్పు జాబును అతని చేతిలో పెట్టి, జా ఎక్కడ పట్టిందో, చప్పుడు ఎప్పుడు మారిందో ముందు అతణ్నే చెప్పనివ్వండి, ఇంజనీరు తర్వాత మాట్లాడతాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడైతే ఆ గంటకు ఓవర్‌టైమ్ రేటు కట్టి ఇవ్వండి.